వైయావృత్త్యము: బెంగుళూరు నగరమున వృద్ధసేవా చరిత్ర
(స్వాధ్యాయ పాఠము)

తపస్సు అనగానే మన యిండ్లలో ముందుగా స్ఫురించునది ఉపవాసము. పర్యుషణ పర్వమున ఎనిమిది దినములు ఉపవసించిన బాలికను సంఘమంతయు అభినందించును. బంధువులు కానుకలు తెత్తురు. ఇది ఉచితమే. కాని మన శాస్త్రములు తపస్సును పండ్రెండు విధములుగా విభజించినవి. వానిలో ఆరు బాహ్యములు, ఆరు అభ్యంతరములు. ఉపవాసము బాహ్య తపస్సులలో మొదటిది. ప్రాయశ్చిత్తము, వినయము, వైయావృత్త్యము, స్వాధ్యాయము, వ్యుత్సర్గము, ధ్యానము అనునవి అభ్యంతర తపస్సులు. మూడవదియగు వైయావృత్త్యమును మన యిండ్లలో వైయావచ్చ అందురు. అలసినవారికి, రోగులకు, వృద్ధులకు చేతులారా చేయు సేవయని దాని భావము.

ఈ సంవత్సరపు పాఠమునకు ఈ విషయమునే తీసికొంటిమి. ముందుగా శాస్త్రము చెప్పినదానిని చూచి, పిదప మనము నివసించుచున్న బెంగుళూరు నగరమున వృద్ధసేవ ఏ దారిని నడచి వచ్చినదో తెలిసికొని, తుదకు మన యిండ్లకు అది చెప్పు సంగతి ఏమో విచారింతము.

1. సేవ దానమా, తపస్సా?

ఉమాస్వాతి ఆచార్యులు తత్త్వార్థసూత్రము తొమ్మిదవ అధ్యాయమున వైయావృత్త్యమునకు పాత్రులైనవారిని పది తెగలుగా పేర్కొనిరి. ఆచార్యుడు, ఉపాధ్యాయుడు, తపస్వి, క్రొత్తగా దీక్షగొన్న శిష్యుడు, రోగి మొదలగువారు ఆ పదిమంది. వీరందరు సాధుసంఘమునకు చెందినవారు. అయినను గృహస్థునకు ఈ ధర్మము లేదని తలపరాదు. గృహస్థుని విషయము స్థానాంగ సూత్రమున మరియొక చోట వచ్చును. తీర్చుకొనుట కష్టమైన ఋణములు మూడని అచట చెప్పబడినది: తల్లిదండ్రుల ఋణము, పోషించిన యజమాని ఋణము, ధర్మాచార్యుని ఋణము. కుమారుడు తల్లిదండ్రులకు సుగంధతైలములతో ఒడలు మర్దించి, స్నానము చేయించి, నానావిధ వ్యంజనములతో భోజనము పెట్టి, బ్రదికినంతకాలము భుజముపై మోసినను ఆ ఋణము తీరదట. వారిని ధర్మమున నిలిపిననే తీరునట. ఇక్కడ గమనింపవలసినది ఒకటి కలదు. మర్దనము, స్నానము, భోజనము, మోయుట, ఇవన్నియు చేతులతో చేయు పనులే. డబ్బిచ్చి పంపుట అను మాట ఆ పట్టికలో లేదు.

నందిషేణ ముని కథ పెద్దలు చెప్పగా మీరు వినియే యుందురు. రోగులైన సాధువులకు సేవ చేసినగాని తాను భుజింపనని ఆయన నియమము. ఒక దేవుడు ఆయనను పరీక్షింపదలచి, అతిసారముతో బాధపడు సాధువు వేషమున వచ్చెను. పారణకు కూర్చున్న నందిషేణుడు ముద్ద విడిచి లేచెను. రోగిని కడిగి భుజముపై ఎత్తుకొనెను. రోగి దారిపొడుగున ఆయన ఒంటిని మలినపరచుచు, నడక కుదుపుచున్నదని తిట్టుచుండెను. ఆ సమయమున నందిషేణునకు కలిగిన ఆలోచన ఒక్కటే: ఈయన బాధ ఎట్లు తగ్గును? శ్రవణబెళగొళ బాహుబలిని దర్శించినవారు ఇంకొక సంగతి కూడ తెలిసికొనవలెను. ఆయన బాహుబలము పూర్వజన్మమున అలసిన సాధువుల యొడలు పిసికిన సేవకు ఫలమని హేమచంద్రాచార్యులు త్రిషష్టిశలాకాపురుష చరిత్రమున వ్రాసిరి.

దానమునకు వేరుగా స్థానముండగా సేవను తపస్సులలో ఎందుకు చేర్చిరి? దానము చేసినపుడు వస్తువు మన చేయి విడిచి పోవును. సేవ చేయునపుడు మన శరీరము, కాలము, ఓరిమి ఖర్చగును. ఉపవాసము ఆకలిని ఓర్చుకొనుట. వైయావృత్త్యము ఎదుటి మనిషిని ఓర్చుకొనుట. రెండవది మొదటిదానికంటె సులభము కాదని ముసలివారున్న ప్రతి యిల్లును ఎరుగును.

2. ముసలి యెద్దునకు దొరికిన చోటు

మన వర్తకులకు దానము క్రొత్త గాదు. పశ్చిమ భారతమున పాంజరాపోలులు వెలసినది వర్తకుల వలననే. పని చేయలేని యెద్దు, పాలు మానిన యావు, కాలు విరిగిన గుఱ్ఱము, వీనికి చచ్చువరకు మేత పెట్టు చోటులవి. బొంబాయి పాంజరాపోలు 1834లో ఏర్పడినది. అట్టి సంస్థల నిర్వహణమునకు వర్తకులు తమ సరకుల క్రయవిక్రయములపై స్వచ్ఛందముగా కొంత లాగా విధించుకొనిరి. పత్తి బేలు చేతులు మారినప్పుడెల్ల ఆ ముసలి యెద్దు పేర కొంత ధర్మము ఖాతాలో జమపడెడిది. ఈ యెద్దు ఇంక ఏమి పనికివచ్చునని అడిగినవారు లేరు.

అట్లయిన ముసలి మనుష్యులకై మన పూర్వులు అట్టి సంస్థలను విరివిగా ఏల కట్టలేదు? వారికి అక్కర కలుగలేదు గనుక. ఇల్లే ఆ సంస్థ. చిక్కుపేట, మామూలుపేట, అవెన్యూ రోడ్డు ప్రాంతములలో క్రింద అంగడి, మీద కాపురము. తాతగారు ఉదయమే సామాయికము ముగించుకొని మెట్లు దిగి గద్దెపై కూర్చుండెడివారు. చూపు తగ్గినను చిట్టా ఆవర్జాలు ఆయన యెదుట నుండెడివి. వచ్చిన ఖాతాదారు ముందు ఆయనకు నమస్కరించి పిదప ధర అడిగెడివాడు. ఆదోని, కర్నూలు, గుంటూరు పట్టణములలో ఏండ్ల తరబడి వ్యాపారము చేసి వచ్చిన పెద్దలు తెలుగు ఖాతాదారులతో తెలుగున ముచ్చటించెడివారు. ఆయనకు సేవ చేయుచున్నామని ఇంటివారెవ్వరు అనుకొనలేదు. ఆయనకు పని ఉండెను, మాట ఉండెను, చూచుటకు మనుష్యులుండిరి.

ఆ యేర్పాటు సడలుటకు ఎవరి దుర్మార్గమును కారణము కాదు. అంగడి పేటలోనే యున్నది, కాపురము దూరపు పేటలలోని అపార్టుమెంటులకు పోయినది. లెక్కలు కంప్యూటరులోనికి ఎక్కినవి. కుమారులు శాఖలు తెఱచిరి, మనుమలు పై చదువులకు విదేశములకు వెడలిరి. దీనికి తోడు ఆయుర్దాయము పెరిగినది. 1951 నాటికి మన దేశమున సగటు ఆయుర్దాయము సుమారు 32 ఏండ్లు. నేడది 70 ఏండ్లకు చేరువలో నున్నది. 2011 జనాభా లెక్కల ప్రకారము 60 ఏండ్లు దాటినవారు దేశమున సుమారు 10 కోట్ల 38 లక్షలు, అనగా నూటికి 8.6 మంది. ముసలితనము ఒకప్పుడు కొందరికే దక్కెడిది. నేడు చాలమందికి ఇరువది, ఇరువదియైదు ఏండ్ల సుదీర్ఘ దశ యైనది.

3. హోసూరు రోడ్డు గృహము

బెంగుళూరున దిక్కులేని వృద్ధులకు నీడ నిచ్చిన పాత సంస్థలలో ప్రసిద్ధమైనది హోసూరు రోడ్డుననున్న గృహము. దీనిని 1900లో లిటిల్ సిస్టర్స్ ఆఫ్ ది పూర్ అను క్రైస్తవ సన్యాసినుల సంఘము స్థాపించినది. ఆ సంఘపు పుట్టుక చెప్పుకొనదగినది. 1839 శీతకాలమున ఫ్రాన్సు దేశపు బ్రిటనీ ప్రాంతమున జాన్ జుగాన్ అను పేద పనికత్తె, కన్నులు కానరాక పక్షవాతమున పడియున్న ఒక ముసలమ్మను తన గదికి తెచ్చుకొని, తన పడక ఆమెకిచ్చి, తాను అటకపై పరుండెను. ఆ పడకతో మొదలైన పని దేశదేశములకు ప్రాకినది. వారు 1882లో కలకత్తాకు వచ్చిరి. సికింద్రాబాదులోను వారి గృహము కలదు. ఆ జుగానును 2009లో రోము సంఘము పునీతురాలిగా ప్రకటించినది.

ఆ సంఘమున రెండు ఆచారములు మన వర్తకులు గమనింపదగినవి. స్థిరమైన రాబడి నిచ్చు మూలధనమును వారు ఉంచుకొనరు. సన్యాసినులు స్వయముగా అంగళ్లకు, మార్కెట్లకు వెళ్లి బియ్యము, కూరగాయలు, ధనము యాచించి తెచ్చి వృద్ధులకు పెట్టుదురు. సాధుసాధ్వుల గోచరిని ఎరిగిన మనకు ఇది వింతగా తోపదు. రెండవది, వృద్ధులను కడుగుట, తినిపించుట, కడపటి గడియలో ప్రక్కన కూర్చుండుట వారు స్వయముగా చేయుదురు. వారి మతము వేరు, మన మతము వేరు. చేతులు చేయు పని మాత్రము నందిషేణుడు చేసినదే.

అయినను ఇట్టి గృహమునకు ఒక హద్దు కలదు. అది దిక్కులేనివారికి దిక్కు. కుమారులు, కోడండ్రు, మనుమలు ఉండియు పగలెల్ల ఒంటరిగా కిటికీ చెంత కూర్చుండు వృద్ధునకు అది సమాధానము కాదు. అతనికి కావలసినది వేరొక యిల్లు కాదు. ఉన్న యింటిలోనే తన చోటు.

4. దేశమున కలిగిన కదలిక

ఇరువదవ శతాబ్ది ఉత్తరార్ధమున ఈ సమస్యను దేశము క్రమముగా గుర్తించినది. 1956 నాటి హిందూ దత్తత, భరణ చట్టము జైనులకును వర్తించును. వృద్ధులై తమను తాము పోషించుకొనలేని తల్లిదండ్రులను పోషించుట కుమారునికే గాక కుమార్తెకును విధియని అది నిర్ణయించినది. 1978లో హెల్పేజ్ ఇండియా స్థాపితమైనది. 1982లో వియన్నా నగరమున ఐక్యరాజ్యసమితి వార్ధక్యమును గూర్చి ప్రపంచసభ జరిపినది. 1999 అంతర్జాతీయ వృద్ధుల సంవత్సరము. ఆ యేటనే భారత ప్రభుత్వము వృద్ధుల జాతీయ విధానమును ప్రకటించినది.

ఇన్ని సభలును విధానములును జరిగినను, నగరమున ఒక వృద్ధురాలు స్నానాలగదిలో జారిపడినచో లేపువారెవరు అను ప్రశ్న మిగిలియే యున్నది. దానికి జవాబు వీధిలోనే పుట్టవలెను.

5. ఇంటి గడపకు వచ్చిన సేవ

బెంగుళూరున ఆ పనికి పూనుకొన్నవారిలో ముఖ్యమైనది నైటింగేల్స్ మెడికల్ ట్రస్టు. డాక్టరు రాధా ఎస్. మూర్తి, శ్రీ ఎస్. ప్రేమకుమార్ రాజా గారలు దీనిని 1998లో లాభాపేక్ష లేని సంస్థగా నెలకొల్పిరి. వృద్ధుని అతని యింటినుండి, వీధినుండి పెకలింపక, ఉన్నచోటనే సాయము అందించుట వారి పనిలోని మూలసూత్రము.

ఆ సూత్రమునుండి పగటి కేంద్రములు వచ్చినవి. వృద్ధులు ఉదయము వచ్చి, వ్యాయామము చేసి, ఆటపాటలతో, సంభాషణలతో కాలము గడపి, సాయంకాలము తమ యిండ్లకు మరలుదురు. పేద వృద్ధులకై శాంతినగరమున సంధ్యాకిరణ అను పగటి కేంద్రమును నాటి మహానగర పాలికె సహకారముతో నడపిరి. అరువది దాటియు పని చేయగోరు వారికై ఉద్యోగ మేళాలు జరిపిరి. ఇవి చూచుటకు చిన్న పనులు. కాని పరికింపుడు: పగటి కేంద్రము వృద్ధునకు మరల నిచ్చునది పూర్వము గద్దె ఇచ్చిన దానినే. లేచి తయారై పోవలసిన చోటు, పలుకరించు మనుష్యులు, తాను ఇంకను లెక్కలో నున్నానను ధైర్యము.

2002లో ఆ సంస్థయు బెంగుళూరు నగర పోలీసులును కలిసి వృద్ధుల సహాయవాణిని ప్రారంభించిరి. దాని సంఖ్య 1090. పోలీసువారు వృద్ధసేవలో చేరుట మొదట వింతగా తోచవచ్చును. కాని వచ్చిన మొఱలు చూచిన కారణము తెలియును. కుమారుడు ఇల్లు వ్రాయించుకొని వాకిటికి తఱిమెనని ఒకరు, అద్దెకున్నవాడు ఇల్లు విడువడని ఒకరు, పొదుపుసొమ్ము మోసగాడు కాజేసెనని ఒకరు, తండ్రి ఇల్లు విడిచి దారి తప్పెనని ఒకరు. సలహాదారులు ముందుగా ఓపికతో విందురు. తరువాత రెండవ పక్షమును పిలిపించి ఎదురెదురుగా కూర్చుండబెట్టి మాటలాడింతురు. అవసరమైన న్యాయసలహా ఇప్పింతురు. మాటకు లొంగనిచోట పోలీసు సాయము సిద్ధముగా నుండును. వ్యాజ్యమునకంటె రాజీయే ముందు. మన పేటలలో పెద్దమనుష్యులు ఒకప్పుడు చేసిన పంచాయతీ పని ఇదియే గదా! ఆ పెద్దమనుష్యులు కరవైన నగరమున టెలిఫోను వారి స్థానమును పొందినది.

తెలుగువారికి సంతోషము కలిగించు సంగతి ఒకటి. 2017లో టాటా ట్రస్టులు, విజయవాహిని ఫౌండేషన్ సహకారముతో, హైదరాబాదు నగర వృద్ధులకై ఎల్డర్ లైన్ అను సహాయవాణిని ఆరంభించినవి. ఆ ప్రయత్నమే విస్తరించి 2021లో దేశమంతటికిని 14567 అను ఉచిత సంఖ్యగా మారినది. పింఛను వివరములు, న్యాయ విషయములు, మనోధైర్యము, వేధింపుల నుండి రక్షణ, వీధిన పడిన వృద్ధులకు ఆశ్రయము, వీనికై ఆ సంఖ్యకు ఫోను చేయవచ్చును. ప్రతి యింట టెలిఫోను ప్రక్కన పెద్ద అక్షరములతో ఈ అంకెలు వ్రాసి యుంచుట మంచిది.

వినుటకు కష్టమైన సంగతి ఒకటి చెప్పక తప్పదు. వృద్ధులను బాధించువారు దారిన పోవు దొంగలని మనము తలచుదుము. హెల్పేజ్ సంస్థ పలుమారులు జరిపిన విచారణలలో, వేధింపునకు గురియైనవారు ఎక్కువగా చెప్పినది కుమారుల పేరు, కోడండ్ర పేరు. చేయి యెత్తుట మాత్రమే వేధింపు గాదు. అడిగిన మాటకు జవాబీయకుండుట, వచ్చినవారి యెదుటికి రానీయకుండుట, మందు కొనుటకు రూపాయి రూపాయికి లెక్క అడుగుట, ఇవియు హింసలోనివే. చీమను చూచి అడుగు వేయు మనకు ఈ హింస కనబడకపోరాదు.

6. మరపు అను వ్యాధి

కొందరి విషయమున ప్రేమ యున్నను చాలదు. పెద్దాయన ఒకే ప్రశ్నను పదిసార్లు అడుగును. భోజనము చేసి, పెట్టలేదని చెప్పును. కోడలు నగ దొంగిలించెనని నిందించును. అర్ధరాత్రి అంగడికి పోవలెనని తలుపు లాగును. మన యిండ్లలో దీనిని చాదస్తమనియో, పట్టుదలయనియో, కర్మయనియో అనుకొందురు. ఇది మెదడునకు కలుగు వ్యాధి. దీనిలో ఒక ముఖ్యమైన రకమును 1906లో జర్మనీ వైద్యుడు ఆల్జీమర్ మొదట వర్ణించెను. కేరళమున 1992లో దీనికై ఒక దేశవ్యాప్త సంఘము ఏర్పడినది. 2010లో వెలువడిన నివేదిక భారతదేశమున మతిమరపు వ్యాధిగ్రస్తులు 37 లక్షలని అంచనా వేసినది. 2023లో ప్రకటితమైన అధ్యయనము 60 ఏండ్లు దాటినవారిలో నూటికి సుమారు 7.4 మందికి, అనగా 88 లక్షల మందికి, ఈ వ్యాధి యున్నదని అంచనా కట్టినది.

2010లో నైటింగేల్స్ సంస్థ బెంగుళూరు కస్తూరినగరమున ఈ వ్యాధిగ్రస్తులకై ప్రత్యేక కేంద్రమును తెఱచినది. వృద్ధుని ఇంటనే ఉంచవలెనన్న సంస్థయే పడకలు గల కేంద్రమును ఏల కట్టెను? కొన్ని దశలలో రాత్రింబవళ్లు కావలి, శిక్షణ గల చేతులు అవసరమగును, ఇంటివారు నలిగిపోదురు. కావున వృద్ధుని కేంద్రమున చేర్చిన ప్రతి కుటుంబమును నిందింపరాదు. చేర్చుట తప్పు కాదు. చేర్చి మరచిపోవుట తప్పు.

ఇంకొక మాట. ఇంటిలో సేవ అనగా వాస్తవమున ఎవరు చేయుచున్నారు? కుమారుడు అంగడిలో నుండును. పుణ్యము అతనిది, శ్రమ కోడలిది. పదునైదేండ్లు అత్తమామలకు సేవ చేసిన కోడలికి ఒక వారము విశ్రాంతి దొరకని యిండ్లు కలవు. తల్లికి తినిపించుట, తండ్రికి గోళ్లు తీయుట కుమారునికి చిన్నతనము గాదు. తపస్సును మరియొకరిచే చేయించుకొనుట యెట్లు కుదరదో, వైయావృత్త్యమును అట్లే కుదరదు.

7. ఆస్తిపత్రమును గూర్చి

వర్తక కుటుంబములలో ముసలితనపు దుఃఖము చాలసార్లు రిజిస్ట్రారు కచేరిలో మొదలగును. ప్రేమతో ఇల్లు, అంగడి కుమారుని పేర వ్రాసి యిచ్చెదరు. పిదప ఆ యింటనే అతిథులగుదురు. దీనిని గూర్చి 2007లో తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టము వచ్చినది. దీనిలోని ముఖ్యవిషయములు ఇవి.

పోషణ చూడవలసినవారిలో కుమారులు, కుమార్తెలే గాక యుక్తవయస్సు వచ్చిన మనుమలు, మనుమరాండ్రును కలరు. సంతానము లేని వృద్ధుని ఆస్తిని అనుభవించుచున్నవారు, లేదా వారసులై అనుభవింపబోవు బంధువులు, పోషణభారమును వహింపవలెను. వృద్ధులు ట్రిబ్యునలుకు దరఖాస్తు చేసికొనవచ్చును. నోటీసు అందిన 90 దినములలో సాధారణముగా తీర్పు చెప్పవలెను. వృద్ధుని విడిచిపెట్టిన సంరక్షకునకు మూడు నెలల వరకు ఖైదు గాని, 5,000 రూపాయల వరకు జుల్మానా గాని, రెండును గాని విధింపవచ్చును.

అన్నిటికంటె మనకు అవసరమైనది 23వ విభాగము. తనను పోషించి అవసరములు చూడవలెనను షరతుతో వృద్ధుడు ఆస్తిని దానముగా వ్రాసి యిచ్చి, పుచ్చుకొన్నవాడు ఆ షరతును తప్పినచో, ఆ బదిలీని రద్దు చేయించుకొనవచ్చును. షరతు ఉన్నట్లు చూపవలెనని 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పినది. 2025 జనవరిలో, ఒక తల్లి వ్రాసిన దానపత్రము విషయమున, ఈ చట్టమును వృద్ధుల మేలు కోరి ఉదారముగా అన్వయింపవలెనని అదే న్యాయస్థానము నిర్ణయించి ఆ పత్రమును రద్దు చేసినది. కావున దానపత్రము వ్రాయునపుడు పోషణ షరతును అక్షరములలో స్పష్టముగా వ్రాయించుడు. కుమారునిపై నమ్మకము లేక కాదు. భాగస్వామి సోదరుడైనను కరారునామా వ్రాసికొనుట మన వ్యాపారమర్యాద గదా! ఇదియు అట్టిదే.

అయితే చట్టము దేనిని ఇప్పింపగలదు? కేంద్రచట్టము నెలకు 10,000 రూపాయలు గరిష్ఠమని నిర్ణయించినది. ఆ మొత్తమును ఇప్పించును. ఇంటి తలుపు తెఱపించును. సాయంకాలము తండ్రి చెంత కూర్చుండి ఈ దినము బేరమెట్లున్నదని చెప్పు కుమారుని ఏ ట్రిబ్యునలును తెచ్చి యీయలేదు.

8. వారమునకు రెండు గంటలు

డబ్బుకంటె కాలమును అడిగిన ఒక ఉద్యమము మన పొరుగుననే కలదు. కేరళమున 1993లో కాలికట్ వైద్యకళాశాలయందు దీర్ఘరోగుల బాధానివారణకై ఒక సంఘము పుట్టినది. 2000 ప్రాంతమున మలప్పురము జిల్లాలో ఆ పనిని సామాన్య ప్రజలు చేపట్టిరి. వారమునకు కనీసము రెండు గంటలు ఈయగలవారిని పిలిచి, కొంత శిక్షణ యిచ్చి, తమ వీధిలోని మంచమున పడినవారిని చూచు బాధ్యతను అప్పగించిరి. ఉపాధ్యాయులు, వర్తకులు, విద్యార్థులు, గృహిణులు అందు చేరిరి. వైద్యుడు, నర్సు వెనుక నుండిరి. గడప త్రొక్కినది పొరుగువాడు. 2008లో కేరళ ప్రభుత్వము దీనిని తన విధానమున చేర్చుకొనినది.

మన సంఘమునకు రెండు గంటల లెక్క కష్టమైనది గాదు. ఒక సామాయికమునకు 48 నిమిషములు. అంతటి కాలమును కదలక కూర్చుండి గడుపుట మనకు బాల్యమునుండి అభ్యాసము. సామాయికము మానకయే, వారమున మూడు పర్యాయములు అంతంత కాలమును ఒక వృద్ధునకు ఇచ్చినచో రెండు గంటలు దాటును. అంగడికి సెలవు గల దినమున ఇద్దరిద్దరు యువకులు సంఘమునందలి ఒక్కొక్క ఒంటరి వృద్ధుని యింటికి పోవచ్చును. ఉపాశ్రయమునకు నడచి రాలేనివారిని చేయి పట్టుకొని తీసికొని రావచ్చును. ప్రవచనమునకు రాలేనివారికి వారి యింటనే చదివి వినిపింపవచ్చును. కొలనుపాక యాత్రకు బస్సు కట్టునపుడు చక్రపు కుర్చీలకు చోటు ఉంచవచ్చును. తల్లిదండ్రులను ధర్మమున నిలుపుటయే ఋణము తీర్చుట యని స్థానాంగము చెప్పినదానికి ఇంతకంటె సులభమైన ఆచరణ యేది? మందు వేళకు ఇచ్చుటతోపాటు ప్రతిక్రమణమునకు వేళ కల్పించుటయు సేవయే.

సంఘము ఒక పట్టికను తయారుచేసికొనవలెను: మనలో 70 దాటినవారెందరు? ఒంటరిగా నున్నవారెవరు? సంతానము దూరదేశములందున్నవారెవరు? వితంతువులెందరు? సరకు నిలువ తెలియక వ్యాపారము చేయువాడు లేడు. మన పెద్దల లెక్క తెలియక సేవ చేయుటయు కుదరదు.

భవనము కట్టించి పాలరాతిపై పేరు చెక్కించుట పుణ్యమే, కట్టుడు. కాని బెంగుళూరు నగరపు నూరేండ్ల కథ మనకు చెప్పినది వేరు. 1900లో దిక్కులేనివారికి పైకప్పు కావలసి వచ్చినది. ఒక శతాబ్దము గడచిన పిదప, పైకప్పు కలవారే టెలిఫోనులో తమ మొఱ వినుమని వేడుకొనిరి. ముసలి యెద్దునకు మేత పెట్టినచో చాలును. ముసలి మనిషికి మేత చాలదు. మన పూర్వులు ఇంటిలో చోటు, మాటలో మర్యాద, పనిలో పాలు ఇచ్చిరి. మనము ఆ మూటిని మరల సమకూర్పవలెను.

స్వాధ్యాయ ప్రశ్నలు
(కుటుంబసభ్యులందరు కలిసి చదివి చర్చించుటకు)

1. వైయావృత్త్యమును దానములలో గాక తపస్సులలో ఏల చేర్చిరి?
2. పూర్వము గద్దె వృద్ధునకు ఇచ్చినవి ఏవి? మన యింట నేడు వానిని ఇచ్చునది ఏది?
3. దానపత్రమునకు పోషణ షరతు ఏల అవసరము? మన యింటి పత్రములలో అది యున్నదా?
4. మన యింట పెద్దల సేవ ఎవరి చేతులమీద జరుగుచున్నది? వారికి విశ్రాంతి ఎప్పుడు?
5. నిన్నటి దినమున ఇంటిలోని పెద్దవారితో మనలో ఒక్కొక్కరు ఎన్ని నిమిషములు మాటలాడితిమి?

ఐదవ ప్రశ్నకు జవాబు కాగితముపై వ్రాయనక్కరలేదు. చదువుట ముగించి, లేచి, వారి గదిలోనికి పోయినచో చాలును.